ఇంటి చదువుకీ కాలేజీ దారి ఉంది



ఈ వేళ ఇంటిపట్టునే ఉండి చదువుకునే పిల్లలను గురించి నాలుగు మాటలు ముచ్చటించుకుందాం. బడి వద్దనుకుని తల్లిదండ్రులే దగ్గర కూర్చోబెట్టుకుని చదివించే పిల్లలు కొందరున్నారు. ఒంట్లో బాగా లేకనో, తండ్రి ఉద్యోగరీత్యా ఊళ్ళు మారవలసి రావడం వల్లనో, ఆటలోనో సంగీతంలోనో రోజుకు ఆరేడు గంటలు గడపవలసి రావడం వల్లనో బడికి దూరమైన పిల్లలు ఇంకొందరు. కారణం ఏదైనా, పిల్లకో పిల్లవాడికో పధ్నాలుగేళ్ళు వచ్చేసరికి తల్లికి ఒకటే బెంగ పట్టుకుంటుంది. పక్కింటావిడ ఊరుకోదు కదా! "ఇంట్ల ఎంత చదివిస్తే ఏముంది వదినా, రేపు కాలేజీల ఎవరు తీసుకుంటరు?" అని అడిగి మరీ పోతుంది.

తీసుకుంటారు. అంతే కాదు, పిల్లలు హైస్కూలు వయసులో ఉండగానే కాలేజీ చదువులో కొంత భాగం ముందుగా, తక్కువ ఖర్చుతో నేర్చుకునే వీలు కూడా ఈ రోజుల్లో ఉంది. అయితే దేని తరువాత ఏది చెయ్యాలో తెలియాలి. వరస తప్పితే డబ్బూ పోతుంది, పిల్లల వయసూ వృథా అవుతుంది. ఆ వరస ఏమిటో చెప్పుకోవడానికే ఈ ప్రసంగం.

తక్కువ ఖర్చు అని ఎందుకంటున్నానంటే, మా మౌలాలిలో ఎక్కువ భాగం నెల జీతం మీద నడిచే సంసారాలు. రైల్వే క్వార్టర్ల వాళ్ళు, హౌసింగు బోర్డు ఇళ్ళ వాళ్ళు, నాచారం పారిశ్రామిక వాడకు షిఫ్టులకు వెళ్ళి వచ్చేవాళ్ళు. ఇంటర్మీడియెటు రెండేళ్ళకు పేరున్న ప్రైవేటు కాలేజీలో ఫీజు కట్టాలంటే చీటీ పాడవలసిందే, లేకపోతే మెడలో గొలుసు తాకట్టుకు వెళ్ళవలసిందే. అటువంటి ఇంట్లో పిల్ల ఇంట్లో కూర్చుని చదువుకుంటానంటే సంతోషమే గాని, ఆ చదువుకు చివర ఒక సర్టిఫికెట్టు ఉండాలి కదా!

ఇది మనకు కొత్త సంగతేమీ కాదు. "మెట్రిక్ ప్రైవేటుగా కట్టి పాసైంది" అన్న మాట మన అమ్మమ్మల కాలంలో తరుచుగా వినపడేది. దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారి జీవితం చూడండి. 1909లో రాజమండ్రిలో పుట్టిన ఆవిడ ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్ళి వచ్చిన తరువాత ఇంట్లో చదువుకుని, కాశీ హిందూ విశ్వవిద్యాలయం వారి మెట్రిక్కు ప్రైవేటుగా కట్టారు. ఆ తరువాత ఇంటరు, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో బి.ఏ. ఆనర్సు, మద్రాసులో లా పట్టా. ఆ పైన భారత రాజ్యాంగ సభలో సభ్యురాలు! 1937లో మద్రాసులో ఆవిడ నెలకొల్పిన ఆంధ్ర మహిళా సభ, బడి చదువు మధ్యలో ఆగిపోయిన ఎందరో ఆడపిల్లలను అదే కాశీ మెట్రిక్కుకు తయారు చేసింది. 1958లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు పెద్దవయసు స్త్రీల కోసం మొదలుపెట్టిన సంక్షిప్త విద్యా తరగతుల వెనక ఉన్నది కూడా ఆవిడ ఆలోచనే. ఆంధ్ర మహిళా సభ కాలేజీ మనకు ఎంతో దూరంలో లేదు, ఉస్మానియా విశ్వవిద్యాలయం ప్రాంతంలోనే ఉంది.

ఆ కాలంలో ఒకరిద్దరు పట్టుదల గలవాళ్ళు తొక్కిన దారిని, తరువాత ప్రభుత్వమే రాచబాట చేసింది. 1982 ఆగస్టు 26న మన హైదరాబాదులోనే దేశంలోకెల్లా మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం వెలిసింది. దాని మొదటి ఉపకులపతి జి. రాంరెడ్డి గారు. అప్పట్లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం అనేవారు, 1991లో డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు పెట్టారు. ఇక బడి చదువుకు సంబంధించి, 1989లో ఢిల్లీలో జాతీయ ఓపెన్ స్కూలు వచ్చింది. ఇప్పుడు దాన్ని ఎన్.ఐ.ఓ.ఎస్. అంటున్నాం. 1991లో మన రాష్ట్రానికీ ఒక ఓపెన్ స్కూలు సొసైటీ ఏర్పడింది. రాష్ట్రం విడిపోయిన తరువాత మన వైపు దాని పని చూస్తున్నది తెలంగాణ ఓపెన్ స్కూలు సొసైటీ.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం.

మొదటి మెట్టు పదో తరగతి. ఎంత తెలివైన పిల్లలకైనా ఇది లేకుండా ముందుకు దారి లేదు. ఓపెన్ స్కూలులో పదో తరగతికి చేరడానికి 14 ఏళ్ళు నిండి ఉండాలి. అంతకు ముందు ఏ బడిలో ఎన్ని తరగతులు చదివారన్నది అడ్డు రాదు. బడి టి.సి. లేని పిల్లలు పుట్టినతేదీ ధ్రువపత్రంతో చేరవచ్చు. తెలుగులోనే చదవవచ్చు, ఉర్దూలో కావాలన్నా వీలుంది. స్టడీ సెంటరు చాలావరకు ఏదో ఒక ప్రభుత్వ హైస్కూలులో ఉంటుంది, తరగతులు సెలవు దినాల్లో జరుగుతాయి.

ఇందులో తల్లులు గమనించవలసిన గొప్ప సదుపాయం ఒకటుంది. ఒకసారి పేరు నమోదు చేసుకుంటే అయిదేళ్ళ వరకు చెల్లుతుంది. పాసైన సబ్జెక్టు పాసైనట్టే, దాన్ని మళ్ళీ రాయనక్కర్లేదు. ఎన్.ఐ.ఓ.ఎస్. వారు ఆ అయిదేళ్ళలో 9 సార్లు పరీక్ష రాసే అవకాశం ఇస్తారు. ఏడాదికి రెండు విడతలు పరీక్షలు, వేసవిలో ఒకటి, దసరా దీపావళి రోజుల్లో ఒకటి. లెక్కలంటే చెవి కోసుకునే పిల్లవాడు, ఇంగ్లీషంటే మాత్రం బెదురు అనుకోండి. ముందు విడతలో లెక్కలూ సైన్సూ కట్టించండి. ఆ రెండూ పాసైన ధైర్యంతో తరువాతి విడతలో మిగిలిన మూడూ రాస్తాడు. అయిదు పరీక్షలూ ఒక్కసారిగా నెత్తిన పడి పిల్ల జ్వరం తెచ్చుకోవడం అన్నది ఇక్కడ ఉండనక్కర్లేదు. ఇదివరకు బడిలో పదో తరగతి రాసి కొన్ని సబ్జెక్టులు పోయిన పిల్లలకు, పాసైన వాటిలో రెండింటి వరకు ఇక్కడికి బదిలీ చేయించుకునే వీలు కూడా ఉంది.

రెండో మెట్టు ఇంటర్మీడియెటు. పది పాసైన వాళ్ళు 15 ఏళ్ళు నిండితే ఓపెన్ స్కూలు ఇంటరులో చేరవచ్చు. ఇక్కడ చాలామంది ఒక చిక్కులో పడతారు. "ఏ సబ్జెక్టు తేలిక?" అని అడిగి, వాటినే ఎంచుకుంటారు. రెండేళ్ళ తరువాత పిల్ల ఇంజనీరింగు చదువుతానంటే, లెక్కలూ ఫిజిక్సూ కెమిస్ట్రీ తీసుకోలేదు కాబట్టి తలుపు మూసుకుపోతుంది. అంచేత సబ్జెక్టులు ఎంచుకునే నాడే, పిల్ల వెళ్ళదలచుకున్న ప్రవేశ పరీక్ష నోటీసు తెప్పించుకుని అర్హతల పేరా మెల్లిగా చదవండి. జె.ఇ.ఇ. రాయాలంటే ఎన్.ఐ.ఓ.ఎస్. వాళ్ళు అయిదు సబ్జెక్టులతో పాసై ఉండాలని అందులో స్పష్టంగా రాస్తారు. వైద్య విద్యకు ఓపెన్ స్కూలు వాళ్ళు అర్హులా కాదా అన్నది ఏళ్ళ తరబడి కోర్టుల్లో నలిగింది. పక్కింటి వాళ్ళు చెప్పారనో, ట్యూషను మాస్టారు చెప్పారనో నమ్మి ఊరుకోకూడదు, ఆ ఏటి నోటీసే మనకు ప్రమాణం. సైన్సు తీసుకున్న పిల్లలకు ప్రాక్టికల్సు కూడా ఉంటాయి. ఆ తేదీలు స్టడీ సెంటరుకు వెళ్ళి అడిగి రాసుకోవాలి, ఇంటికి ఎవరూ వచ్చి చెప్పరు.

మూడో మెట్టే కాలేజీ క్రెడిట్లు. ఈ 'క్రెడిట్' అన్న మాట విని కంగారు పడకండి. మనం కిరాణా కొట్లో పెట్టే అప్పు ఖాతాకు ఇది సరిగ్గా తలకిందులు. ఇక్కడ చదివిన చదువంతా మన పేరన జమ అవుతుంది. 2023లో వచ్చిన జాతీయ క్రెడిట్ విధానం లెక్క ప్రకారం 30 గంటల చదువు ఒక క్రెడిట్టు, ఏడాది చదువు 40 క్రెడిట్లు. ఈ లెక్క కాలేజీకే కాదు, బడి చదువుకు కూడా వర్తించేలా తయారు చేశారు.

అమెరికాలో స్థిరపడిన మనవాళ్ళ ఇళ్ళల్లో పిల్లలు "ఏపీ రాస్తున్నాం" అంటే ఆంధ్రప్రదేశ్ పరీక్ష కాబోలు అనుకునేరు! హైస్కూలులో ఉండగానే కాలేజీ స్థాయి పాఠం చదివి రాసే పరీక్ష అది. 1955 నుంచి కాలేజీ బోర్డు అనే సంస్థ నడుపుతున్నది. మంచి మార్కు వస్తే చాలా విశ్వవిద్యాలయాలు ఆ పాఠాన్ని మళ్ళీ చదవనక్కర్లేదని క్రెడిట్టు ఇస్తాయి. 1967 నుంచి క్లెప్ అనే ఇంకో పరీక్ష కూడా ఉంది. అక్కడ ఇంట్లో చదువుకునే పిల్లలు ఇలాంటివి కొన్ని రాసుకుని కాలేజీ ఖర్చు తగ్గించుకుంటారు. మన దేశంలో అచ్చంగా అటువంటి పరీక్ష లేదు గాని, దానికి దగ్గరి దారులు రెండున్నాయి.

ఒకటి, ఐ.ఐ.టి.లూ బెంగుళూరు సైన్సు సంస్థా కలిసి 2003లో మొదలుపెట్టిన ఎన్.పి.టి.ఇ.ఎల్. పాఠాలు, 2017లో కేంద్ర ప్రభుత్వం తెచ్చిన 'స్వయం' పాఠాలు. వీటిలో ఎవరైనా చేరవచ్చు. వయసు అడ్డు లేదు, పాఠం వినడానికి పైసా ఖర్చు లేదు. పరీక్ష రాయదలచుకుంటేనే రుసుము. ఎన్.పి.టి.ఇ.ఎల్.లో అది కోర్సుకు వెయ్యి రూపాయల మాటు. ఆ పరీక్ష సెంటరుకు వెళ్ళి, కాపలా మధ్య రాయవలసిందే. 12 వారాల కోర్సును మామూలుగా 3 క్రెడిట్ల కింద, 8 వారాలది 2 క్రెడిట్ల కింద లెక్క కడతారు. వారం వారం ఇచ్చే అభ్యాసాలకు 25 మార్కులు, చివరి పరీక్షకు 75 మార్కులు. ఒక డిగ్రీలో 40 శాతం దాకా క్రెడిట్లు 'స్వయం' ద్వారా తెచ్చుకోవచ్చునని యు.జి.సి. 2021లో నిబంధన చేసింది. ఆ ఏడే క్రెడిట్లు దాచుకునే బ్యాంకు లాంటిది కూడా ఏర్పాటు చేశారు. మామూలుగా అందులో జమ పడిన క్రెడిట్టు ఏడేళ్ళ దాకా చెల్లుతుంది.

ఇక్కడ ఒక్క మాట బాగా గుర్తుంచుకోవాలి. నిబంధన ఉన్నంత మాత్రాన మన పిల్ల చేతిలోని సర్టిఫికెట్టు దానంతటదే డిగ్రీలో కలిసిపోదు. కాలేజీలో చేరకముందు చేసిన కోర్సును లెక్కలోకి తీసుకోవాలా వద్దా అన్నది ఆ విశ్వవిద్యాలయం ఇష్టం. కాబట్టి పిల్ల ఏ కాలేజీలో చేరాలనుకుంటున్నదో అక్కడికి ముందే ఉత్తరం రాసి, ఏ కోర్సు చెల్లుతుందో రాతపూర్వకంగా జవాబు తెప్పించుకోండి. జవాబు రాకపోతే ఆ కోర్సును జ్ఞానం కోసమే అనుకుని ఒకటీ రెంటితో ఆపండి. పది కోర్సులకు పదివేలు కట్టి, చివరకు అవి చెల్లలేదని పిల్ల చిన్నబుచ్చుకోవడం కంటే అది నయం.

రెండో దారి ఇంకా సూటిగా ఉంటుంది. మద్రాసు ఐ.ఐ.టి. వారు 2020లో డేటా సైన్సులో ఇంట్లో ఉండి చదివే డిగ్రీ ఒకటి మొదలుపెట్టారు. దానికి జె.ఇ.ఇ. అక్కర్లేదు. నాలుగు వారాలు వాళ్ళే పాఠాలు చెప్పి, వాటి మీదే అర్హత పరీక్ష పెడతారు. పదకొండో తరగతి పరీక్షలు రాసిన పిల్లలు కూడా ఈ అర్హత పరీక్ష రాసి ఉంచుకుని, పన్నెండు పాసైన వెంటనే చేరవచ్చు. మొదటి దశలో 8 కోర్సులు, 32 క్రెడిట్లు. అక్కడితో ఆగినా ఒక సర్టిఫికెట్టు చేతికొస్తుంది, ఆపైన డిప్లొమా, ఆపైన డిగ్రీ. ఏ విడతలో ఎన్ని కోర్సులు తీసుకుంటే వాటికే ఫీజు, ఆదాయం తక్కువున్న ఇళ్ళవాళ్ళకు పెద్ద రాయితీలున్నాయి. పరీక్షలు మాత్రం హైదరాబాదులోని సెంటరుకు వెళ్ళి రాయాలి. మా మౌలాలి గుట్ట మెట్లు ఎక్కేవాళ్ళు మధ్యలో కాసేపు కూర్చున్నా, ఎక్కిన మెట్లు ఎక్కినట్టే కదా! ఈ చదువూ అంతే.

అటు లెక్కలూ కంప్యూటర్లూ ఇష్టం లేని పిల్లలకు, ఇంటరు కాగానే మన అంబేద్కర్ విశ్వవిద్యాలయం ఉండనే ఉంది. ఆదివారాలు తరగతులు, వారమంతా ఇంటి దగ్గర చదువు. ప్రైవేటు కాలేజీ ఫీజుతో పోలిస్తే ఇక్కడ అయ్యే ఖర్చు చాలా తక్కువ.

ఇక జాగ్రత్తలు కొన్ని చెప్పాలి.

పిల్ల పేరు, ఇంటిపేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ అన్ని కాగితాల్లోనూ ఒక్కలాగే ఉండాలి. ఆధార్‌లో ఒకలా, పదో తరగతి మెమోలో ఇంకోలా ఉంటే ఆ తరువాత ఆఫీసుల చుట్టూ తిరగవలసింది మనమే. ఫీజు రసీదులు, హాలు టిక్కెట్లు, మార్కుల జాబితాలు, పంపిన ఉత్తరాల నకళ్ళు ఒక ఫైలులో తేదీల వరసన పెట్టుకోండి. రుసుము కట్టే ఆఖరు తేదీని వంటింటి గోడ మీద కేలండరులో ఎర్ర సిరాతో చుట్టండి. బడి పిల్లలకు హెడ్‌మాస్టరు గుర్తు చేస్తారు. మన పిల్లలకు హెడ్‌మాస్టరూ మనమే, గుమాస్తా కూడా మనమే.

"పరీక్షకు రానక్కర్లేదు, పాసు గ్యారంటీ" అని ఎవరైనా వస్తే, వాళ్ళకు మంచినీళ్ళు కూడా ఇవ్వకుండా పంపెయ్యండి. గుర్తింపు లేని బోర్డుల సర్టిఫికెట్లు అమ్మేవాళ్ళూ, ఒకరి బదులు మరొకరి చేత రాయించేవాళ్ళూ లేకపోలేదు. ఆ కాగితం పాతికేళ్ళ తరువాతైనా పిల్ల ఉద్యోగం ఊడగొట్టగలదు.

ఇంట్లో చదువంటే తల్లే అన్నీ చెప్పాలని కాదు. పాఠం చెప్పలేకపోయినా లెక్క రాయగలం కదా. ఒక నోటుబుక్కు పెట్టి, రోజూ ఏ సబ్జెక్టు ఎన్ని గంటలు చదివిందో పిల్ల చేతనే రాయించండి. 30 గంటలు నిండినప్పుడల్లా ఒక గీత గీయమనండి. తాను ఎంత దూరం వచ్చిందో తనకే తెలుస్తుంది. నలుగురిలో కలవడం లేదన్న లోటు నిజమే. స్టడీ సెంటరు తరగతులు మానిపించకండి, చిక్కడపల్లి గ్రంథాలయానికి పంపించండి. మనకు దగ్గరలోనే హబ్సిగూడలో జియోఫిజిక్సు పరిశోధన సంస్థ, సి.సి.ఎం.బి. ఉన్నాయి. సెప్టెంబరు 26 సి.ఎస్.ఐ.ఆర్. స్థాపక దినం సందర్భంగా ఇటువంటి సంస్థలు సందర్శకులకు తలుపులు తెరవడం ఆనవాయితీ. వెంటబెట్టుకుని వెళ్ళి చూపించండి.

ఇన్నీ చెప్పి, అసలు కష్టమైన మాట ఒకటి ఆఖరుకు అట్టే పెట్టాను. ఆడపిల్ల ఇంట్లో ఉండి చదువుతున్నదంటే ఆ చదువుకు పెద్ద శత్రువు లెక్కల పుస్తకం కాదు, మన వంటిల్లే. "ఇంట్లోనే ఉన్నావు కదమ్మా, ఆ బియ్యం కాస్త ఏరిపెట్టు. ఇంట్లోనే ఉన్నావు కదా, తమ్ముణ్ణి చూసుకో. నీళ్ళ ట్యాంకరు వస్తుంది, కనిపెట్టుకుని ఉండు." ఇలా 'ఇంట్లోనే ఉన్నావు కదా' అన్న మాటతో రోజంతా కరిగిపోతుంది. బడికి వెళ్ళే పిల్లనైతే పదింటి నుంచి నాలుగింటి దాకా మనం పిలవం కదా! ఇంట్లో చదివే పిల్లకు ఆ హక్కు ఎందుకుండకూడదు? ఉదయం నాలుగు గంటలు, సాయంత్రం రెండు గంటలు అని పెట్టుకుని, ఆ వేళల్లో పిల్ల ఊళ్ళో లేదనుకోండి. అత్తగారు పిలిచినా, చుట్టాలు వచ్చినా అంతే. ఇలా చెయ్యలేని ఇంట్లో పిల్లను బడికి పంపడమే న్యాయం. 14 ఏళ్ళ దాకా బడి చదువు పిల్లల హక్కు అని 2009 చట్టం చెబుతున్నది. ఇంటి చదువు ఆ హక్కుకు మించినదై ఉండాలి గాని, దానికి ఎగనామం పెట్టేది కాకూడదు. "పది అయింది, అయిదేళ్ళ గడువుంది, ఇంటరు పెళ్ళయ్యాక చూసుకోవచ్చులే" అనే పెద్దలు కూడా బయలుదేరుతారు. గడువు ఇచ్చింది చదవడానికి, వాయిదా వెయ్యడానికి కాదని వాళ్ళకు మెత్తగా, గట్టిగా చెప్పవలసింది తల్లే.

చివరగా ఈ మాటలు వింటున్న తల్లులకు ఒక సంగతి. ఓపెన్ స్కూలుకు 14 ఏళ్ళు నిండాలన్న నియమమే గాని, ఇంత వయసు దాటకూడదన్న నియమం లేదు. తొమ్మిదిలోనో పదిలోనో చదువు మానిపించేస్తే ఇన్నేళ్ళూ ఆ లోటు మనసులో పెట్టుకున్నవాళ్ళు మనలో ఎందరో ఉన్నారు. అమ్మాయి దరఖాస్తు తెచ్చుకునే రోజున స్టడీ సెంటరులో మీ కోసం కూడా ఒక దరఖాస్తు అడగండి. ఒకే బల్ల మీద తల్లీ కూతురూ పుస్తకాలు తెరిస్తే, ఆ ఆరు గంటల వేళలో ఇంట్లో ఎవరూ ఎవరినీ పిలవరు.

ఉంటానండి, శలవు.